ఈసారి హంతకుడికి పేరు లేదు

నేర కథల్లో హంతకుడే కథానాయకుడు. అతని చేతిలో పోయిన అమ్మాయి మొదటి పేజీలో శవం, రెండో పేజీకల్లా కేసు నంబరు.

ఈ వరస మార్చిన నవలలే ఈ సంచిక ముఖచిత్ర కథనం. 1978 జనవరిలో టెడ్ బండీ ఫ్లోరిడాలోని టాలహాసీలో విద్యార్థినుల వసతి గృహంలోకి చొరబడి ఇద్దరిని చంపాడు. ఆ ఘటన ఆధారంగా జెసికా నోల్ రాసిన ‘బ్రైట్ యంగ్ ఉమెన్’ (2023)లో అతను ఉత్త ముద్దాయి, పేరే రాదు. కథ ప్రధానంగా చెప్పేది ఆ గృహ సంఘం అధ్యక్షురాలు పమేలా.

డాన్యా కుకాఫ్కా ‘నోట్స్ ఆన్ యాన్ ఎగ్జిక్యూషన్’ (2022)ది మరో దారి. మరణశిక్షకు 12 గంటలున్న ఖైదీ ఒకవైపు. అతని తల్లి, భార్య తోబుట్టువు, కేసు తవ్వే అధికారిణి మరోవైపు. హతులైన అమ్మాయిలు బతికుంటే ఏమయ్యేవారో కూడా రచయిత్రి ఊహించి రాసింది. 2023లో ఉత్తమ నవలగా ఎడ్గార్ పురస్కారం దీనికే దక్కింది.

రెండింటిపై సమీక్షలు లోపలి పేజీల్లో.