చావింటికి తీసుకెళ్లే బియ్యం బతికున్నప్పుడే తీసుకెళ్దాం

కొంచెం పెద్ద పోస్టే. మెస్ లైన్లో నిలబడ్డప్పుడు సగం, రాత్రి పడుకునే ముందు సగం చదివినా పర్లేదు. కానీ చివరిదాకా చదవండి.

నెల కిందట మా హాస్టల్ నుంచి ఒక ఫొటో పెట్టాం గదా, పద్నాలుగు మందిమి కాలవ గట్టు మీద నడుస్తున్న ఫొటో. కింద "60 కిలోమీటర్ల ఛాలెంజ్, మానసిక ఆరోగ్యం కోసం విరాళాలు" అని రాశాం. దానికి వచ్చిన మాటలు చూసే ఇది రాస్తున్నా. ఒక అన్న "మనోళ్లకే దిక్కు లేదు, మీరు చందాలు పోగుచేసి సంస్థలకి ఇస్తారా" అన్నారు. ఒక అక్క "ఇవన్నీ సిటీ పిల్లల ఫ్యాషన్లు తమ్ముడూ" అన్నారు. ఇంకొకరు "నడిస్తే పిచ్చి తగ్గుద్దా" అని నవ్వు బొమ్మలు పెట్టారు. ఎవరి మీదా కోపం లేదు. మొదట్లో నేను కూడా అచ్చం అట్లనే అనుకున్నా.

నా గురించి రెండు ముక్కలు. మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏజెన్సీ, కోయ కుటుంబం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు, హాస్టల్లో ఉంటున్నా.

ముందు ఈ ఛాలెంజ్ ఏందో చెప్తా. పక్క కాలేజీ పిల్లలు మా దగ్గరికొచ్చి నవంబర్ నెలలో 60 కిలోమీటర్లు నడవాలి, తెలిసినవాళ్లని అడిగి విరాళం తేవాలి, వచ్చిన డబ్బు మానసిక ఆరోగ్యం మీద పనిచేసే ఒక సంస్థకి పంపాలి అన్నారు. ఈ పద్ధతి వాళ్లు పుట్టించింది కాదు. 2003లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 30 మంది మగవాళ్లు నవంబర్ నెలంతా మీసం పెంచి ఒక సరదా మొదలుపెట్టారు. దాని పేరు మూవెంబర్. తర్వాత అది ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం, ఆ తర్వాత మగవాళ్ల మానసిక ఆరోగ్యం కోసం కూడా విరాళాలు పోగుచేసే పెద్ద సంస్థ అయింది. మీసం పెంచనివాళ్లు నెలలో 60 కిలోమీటర్లు నడవొచ్చు, పరుగెత్తొచ్చు. 60 ఎందుకంటే, ప్రపంచంలో ప్రతి గంటకీ 60 మంది మగవాళ్లు ఆత్మహత్యతో పోతున్నారని వాళ్ల లెక్క. ఒక్కొక్కరి గుర్తుగా ఒక్కో కిలోమీటరు.

లండన్ మారథాన్‌లో ఇది ఇంకా పెద్దగా జరుగుద్ది. సేవా సంస్థల చేతిలో కొన్ని రన్నింగ్ నంబర్లు ఉంటాయి. "నేను ఇంత మొత్తం పోగుచేస్తా" అని మాటిచ్చినవాళ్లకి ఆ నంబరు ఇస్తారు. 2017లో ఆ మారథాన్ మానసిక ఆరోగ్యం గురించి పనిచేసే హెడ్స్ టుగెదర్‌నే తన ముఖ్యమైన సేవా భాగస్వామిగా పెట్టుకుంది. మన ముంబై మారథాన్‌లో కూడా సంస్థల కోసం పరుగెత్తి విరాళాలు తెచ్చేవాళ్లు ఉన్నారు. వీటన్నిటి వెనక ఆలోచన ఒక్కటే. ఊరికే డబ్బులడిగితే ఎవరూ ఇవ్వరు. "నేను కష్టపడతా, ఆ కష్టం చూసి నువ్వు ఇవ్వు" అంటే ఇస్తారు.

ఇది విని నేను అమ్మకి ఫోన్ చేశా. "అమ్మా, నెలలో 60 కిలోమీటర్లు నడుస్తా, దానికి జనం డబ్బులిస్తారంట" అన్నా. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నడిస్తే డబ్బులిత్తారా? మరి తునికాకు సీజన్ల నేను నడిచింది ఎవరన్నా లెక్కేశారా?" అంది.

నవ్వొచ్చింది, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎండాకాలం తెల్లారకముందే లేచి అడివిలోకి పోయి, ఆకు కోసి, తలమీద మోసుకొచ్చి, యాభై ఆకులకొక కట్ట కట్టి కల్లానికి తీసుకుపోద్ది మా అమ్మ. అక్కడ కట్టలకే లెక్క, అడుగులకి లెక్క లేదు. సంతకి నడక, రేషన్‌కి నడక, వాగు పొంగితే చుట్టూ తిరిగి నడక. మన దగ్గర నడక ఛాలెంజ్ కాదు, బతుకు. అందుకే నేను రానని చెప్పేశా.

నన్ను మళ్లీ లాక్కెళ్లింది నా రూమ్మేట్. వాడి గురించి వాడికి చదివి వినిపించాకే ఇక్కడ రాస్తున్నా. పేరు, ఊరు, కోర్సు చెప్పొద్దన్నాడు, చెప్పను. అప్పటికే రెండు నెలల నుంచి వాడు సరిగ్గా తినట్లేదు. క్లాసుకి పోకుండా దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. మేమేం చేశామో తెలుసా? "కుంభకర్ణుడు" అని పేరు పెట్టాం. ఒకరోజు నేనే "నిన్ను ఎర్రగడ్డకి పంపాల్రా" అన్నా. మనం ఎంత తేలిగ్గా అంటామో ఆ మాట! ఆంధ్రావైపు మిత్రులు చినవాల్తేరు అంటారనుకుంటా. ఆ రెండూ మనుషులకి వైద్యం చేసే ఆసుపత్రులు. మన నోట్లో మాత్రం తిట్లు.

అట్లాంటోడు ఆ ఛాలెంజ్‌కి పేరిచ్చాడు. ఎందుకురా అంటే "ఊరికే, గదిలో ఉండలేక" అన్నాడు. వాడొక్కడే పోతాడని నేను కూడా బయలుదేరా. రోజుకి రెండు కిలోమీటర్లు, సాయంత్రం స్నాక్స్ అయ్యాక. మొదటి మూడు రోజులు క్రికెట్టు, సినిమాలు, మెస్ సాంబారు గురించే మాటలు. నాలుగో రోజు మేమిద్దరం వెనకబడ్డాం. నా మొహం చూడకుండా, కాలవ నీళ్లవైపు చూస్తూ అన్నాడు: "నాకు క్లాసులో ఒక్క ముక్క అర్థం కావట్లేదురా. అంతా ఇంగ్లీషే. మా నాన్న మాత్రం కొడుకు ఆఫీసరవుతున్నాడని ఊరంతా చెప్పుకున్నాడు. ఇంటికి పోలేను, ఇక్కడ ఉండలేను. లేకపోతేనే బాగుండనిపిస్తంది."

గదిలో రెండు నెలలు ఎదురెదురు మంచాల మీద పడుకున్నాం. అప్పుడు రాని మాట నడుస్తుంటే వచ్చింది. ఎందుకంటే నడిచేటప్పుడు ఎదురుగా ఎవరూ కూర్చుని ప్రశ్నలెయ్యరు. పక్కన ఉంటారు, అంతే. మాట ఆగిపోయినా అడుగు ఆగదు. మూవెంబర్ వాళ్లు మీసాలు, కిలోమీటర్లు అంటూ ఎందుకు తిరుగుతారో నాకు ఆ రోజు అర్థమైంది. "నీ మనసు ఎట్లుంది" అని నేరుగా అడగడానికి మగపిల్లలకి నోరు రాదు. చేతికి ఒక పనుంటే ఆ సందులోంచి మాట బయటికొస్తది.

నాకు భయమేసింది, అబద్ధం ఎందుకు. ఏం చెప్పాలో తెలీలేదు. ఛాలెంజ్ కాగితం మీద 14416 అని నంబరుంది. టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన సేవ. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. డాబా ఎక్కి ఇద్దరం కలిసి ఫోన్ చేశాం. అవతల మేడమ్ ఓపిగ్గా విన్నది. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడిని కలవమంది, ఈ రాత్రి వాడిని ఒంటరిగా వదలొద్దని నాకు విడిగా చెప్పింది. నేను మంచం జరిపి వాడి మంచానికి ఆనించా. పొద్దున్నే వార్డెన్ సార్‌కి చెప్పి పర్మిషన్ తీసుకుని ఆసుపత్రికి పోయాం. ఇప్పుడు మందులు వాడుతున్నాడు, కౌన్సెలింగ్‌కి పోతున్నాడు. సినిమాలోలా అంతా మారిపోలేదు. ఒక బ్యాక్‌లాగ్ ఉంది, కొన్ని రోజులు మళ్లీ దుప్పటి కప్పుకుంటాడు. కానీ ఇప్పుడు మేము "కుంభకర్ణుడు" అనం. "రా, నడుద్దాం" అంటాం.

ఇక గ్రూపులో వచ్చిన మాటలకి జవాబు.

"చందా అడగడం మనది కాదు" అన్నమాట నిజం కాదు. మన ఊళ్లో ఎవరైనా చనిపోతే ఏం జరుగుద్ది? చుట్టాలూ ఊరోళ్లూ ఇంటికింత బియ్యం, చేతనైన డబ్బు పట్టుకొస్తారు. అడగక్కర్లేదు. పండక్కి ఇంటింటికీ చందా వేసుకుంటాం. పెళ్లికి కట్టెలు తెస్తాం, పందిరేస్తాం. పోగుచేసి ఆదుకోవడం ఆస్ట్రేలియావాళ్లు మనకి నేర్పాల్సిన పని కాదు. మన లోపం వేరే దగ్గరుంది. చావింటికి అందరం బియ్యం తీసుకెళ్తాం. ఆ మనిషి బతికుండి లోలోపల కుమిలిపోయినప్పుడు మాత్రం ఆ గడప ఎవరూ తొక్కం. 2022 ఒక్క ఏడాదిలోనే మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. వాళ్లలో ఎందరి ఇళ్లకి మనలాంటోళ్లు బియ్యం మోసుకెళ్లి ఉంటారో. అదే బియ్యం ముందే తీసుకెళ్దాం అంటున్నా, అంతే.

"ఇది ప్రభుత్వం చెయ్యాల్సిన పని" అన్నది మాత్రం నిజం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం నడిపే సేవల్లో మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. మన హాస్టళ్లలో కౌన్సెలర్ కావాలి, ఏజెన్సీ ఆసుపత్రుల్లో మానసిక వైద్యులు రావాలి, మన భాషల్లో మాట్లాడేవాళ్లు కావాలి. సిగ్నల్ కోసం గుట్టెక్కే ఊరికి హెల్ప్‌లైన్ నంబరు ఒక్కటే సరిపోదు. ఇది అడుగుదాం, వినతిపత్రం ఇద్దాం, కావాలంటే ధర్నా చేద్దాం. కానీ వాగు మీద వంతెన అడుగుతున్నామని, వంతెన వచ్చేదాకా వాగులో కొట్టుకుపోయేవాడికి చెయ్యి ఇవ్వకుండా ఉంటామా? రెండూ చెయ్యాలి.

"ఫ్యాషన్" అన్న అక్కా, మీ మాటలో కొంత నిజం ఉంది. అందుకే మనం చేస్తే ఎట్లా చెయ్యాలో నాకు తోచింది చెప్తా.

ఒకటి, డబ్బు లెక్క ముందే చెప్పాలి. మాకు మొత్తం 3,460 రూపాయలొచ్చాయి. అంతా ఆ సంస్థకే పంపాం, ఎందుకంటే దాని పేరు మీదే అడిగాం. కానీ మా రూమ్మేట్‌ని ఆసుపత్రికి తీసుకుపోవడానికి బస్సు ఛార్జీలకి నేను అప్పు చేశా. వైద్యం ఉచితం, దారి ఉచితం కాదు. ఈసారి అడిగేటప్పుడే చెప్దాం: సగం సంస్థకి, సగం హాస్టల్ "దారి ఖర్చుల డబ్బా"కి అని. ఒకదాని పేరు మీద అడిగి ఇంకోదానికి వాడితే అది మోసం. సంస్థకి పంపేముందు రిజిస్ట్రేషన్ ఉందా, రసీదు ఇస్తారా చూడాలి. యూపీఐలో సంస్థ పేరు కాకుండా ఎవరిదో సొంత పేరు కనపడితే అక్కడే ఆగాలి.

రెండు, ఎవరు ఎంత తెచ్చారని పోటీ పెట్టొద్దు. మా బ్యాచ్‌లో ఒకడికి వాళ్ల బాబాయి వెయ్యి ఇచ్చాడు, ఇంకొకడికి ఊరి నుంచి ఇరవై వచ్చింది. లిస్టు గోడకి అంటించారు. ఇరవై తెచ్చినోడు మర్నాటి నుంచి నడకకి రాలేదు. మనసు బాగుండాలని మొదలుపెట్టి ఒకడి మనసు మేమే విరిచాం. డబ్బు డబ్బాలో వెయ్యండి, పేర్లు వద్దు.

మూడు, ఛాలెంజ్ పేరుతో ఒంటిని బాధపెట్టే పని వద్దు. ఉపవాసాలు, రాత్రంతా మేలుకోవడాలు అసలే వద్దు. తిండీ నిద్రా పోతే బాగున్నోడి మనసు కూడా పాడవుద్ది. మన గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే, 2014 మే 25న, ఎవరెస్ట్ ఎక్కింది. మనందరికీ గర్వం. అందరం ఎవరెస్ట్ ఎక్కక్కర్లేదు. రోజుకి రెండు కిలోమీటర్లు చాలు. అక్కాచెల్లెళ్లు బయటికి పోలేకపోతే హాస్టల్ గ్రౌండ్‌లో చుట్లు లెక్కేసుకోండి.

నాలుగు, బాధలో ఉన్నోడి ఫొటో, కథ పోస్టర్ కాకూడదు. వాడు ఒప్పుకుంటేనే, ఒప్పుకున్నంతే. మనం డాక్టర్లం కాదు, సలహాలు దంచొద్దు. వినాలి, తోడు పోవాలి. ఎవరైనా బతకాలని లేదన్నారంటే రహస్యం అని దాచకుండా, ఒంటరిగా వదలకుండా, వెంటనే 14416కి చెయ్యాలి, నమ్మకమున్న పెద్దవాళ్లకి చెప్పాలి.

నా మాట ఇదీ. వచ్చే నెల మొదటి తారీఖు నుంచి ఈ గ్రూపులో ఉన్న ప్రతి హాస్టల్ నుంచి ఇద్దరిద్దరు చొప్పున నడక మొదలుపెడదాం. జంట మాత్రం మీకు బాగా దగ్గరోడు కాకూడదు. రూమ్‌లో ఎక్కువ మాట్లాడనోడు, ఈమధ్య మెస్‌కి రానోడు, సెలవులకి ఇంటికి పోనోడు ఉంటాడే, వాడిని పిలవండి. నెలాఖరుకి డబ్బా తెరిచి లెక్క ఇక్కడే పెడదాం.

మొన్న మళ్లీ అమ్మకి ఫోన్ చేసి రూమ్మేట్ సంగతి చెప్పా. ఈసారి నవ్వలేదు. "పండక్కి వాణ్ణి ఇంటికి తీసుకురా, అన్నం పెడతా" అంది. తర్వాత, "మీ నడకకి నా పేరు మీద యాభై రాసుకో" అంది.

రాసుకున్నా. ఆ డబ్బాలో మొదటి యాభై మా అమ్మది. తప్పులుంటే తమ్ముడనుకుని చెప్పండి. నడవడానికి వచ్చేవాళ్లు మీ హాస్టల్ పేరు రాయండి.

జై ఆదివాసీ.