పేరు కన్నా ముందు మతం

బాంబు పేలిన గంటకే మన పెద్ద పత్రికలకు పేల్చినవాడి మతం తెలిసిపోతుంది. వాడి పేరు తెలియడానికి నెలలు పడుతుంది, నేరం రుజువు కావడానికి ఏళ్లు పడుతుంది. అంతదాకా పాఠకుడి చేతిలో ఉండేది మతం ఒక్కటే.

2000 సంవత్సరం గుర్తు చేసుకుందాం. మే 21న మచిలీపట్నంలో క్రైస్తవుల సభ దగ్గర బాంబు పేలింది. జూన్ 8న ఒంగోలు, తాడేపల్లిగూడెం చర్చిల్లో, గోవాలోని వాస్కోలో, కర్ణాటకలోని వాడీలో పేలుళ్లు జరిగాయి. జువ్వలదిన్నె నుంచి ఒంగోలు ఎంత దూరం? కావలి మీదుగా పొద్దున బస్సెక్కినవాడు పని చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరతాడు. ఏడాదిన్నర ముందే, 1999 జనవరిలో, ఒరిస్సాలో గ్రాహం స్టెయిన్స్‌నూ ఆయన ఇద్దరు కొడుకులనూ సజీవదహనం చేశారు. అందుకే చర్చి పేలుళ్లకూ హిందుత్వ సంస్థలే కారణమని వేళ్లు లేచాయి. అనుమానించడానికి కారణం ఉంది. నిర్ధారించడానికి ఆధారం లేదు. ఆ తేడా పాటించి రాసినవాళ్లు తక్కువ.

జూలై 9న బెంగళూరులో ఒక వ్యాను పేలి అందులో ఇద్దరు చనిపోయారు. వాళ్లు దీన్‌దార్ అంజుమన్ సభ్యులని తేలింది. అంతే, కలాలు రాత్రికి రాత్రే అటునుంచి ఇటు తిరిగాయి. నిన్న హిందువు, నేడు ముస్లిం. ఇంతకీ ఈ అంజుమన్ ఏమిటి? 1920లలో పుట్టి, హైదరాబాద్ ఆసిఫ్‌నగర్ కేంద్రంగా నడిచిన చిన్న శాఖ. దాని స్థాపకుడు తానే చెన్నబసవేశ్వరుడి అవతారమని చెప్పుకున్నాడు. ఆ మాట మన ఊరి మసీదులో ఏ ఇమామూ ఒప్పుకోడు. పాకిస్తాన్‌లోని మర్దాన్‌లో ఉన్న స్థాపకుడి కొడుకే సూత్రధారి అని దర్యాప్తు చెప్పింది. దాన్ని దాచమని మేం అనడం లేదు, రాయాల్సిందే. కానీ దాన్ని ఒంగోలులో సైకిళ్లకు పంక్చర్లు వేసుకునే ముస్లిం దాకా సాగదీసే హక్కు ఎవరిచ్చారు?

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. హిందువులకూ క్రైస్తవులకూ మధ్య అనుమానం రాజేయడమే ఆ కుట్ర ఉద్దేశమని ప్రాసిక్యూషన్ వాదించింది. అంటే తొలి వారాల్లో తొందరపడిన ప్రతి శీర్షికా బాంబు పెట్టినవాడి పనిలో సగం చేసిపెట్టింది. మిగతా సగం జూలై తర్వాతి శీర్షికలు చేశాయి, ఈసారి ముస్లింలకూ క్రైస్తవులకూ మధ్య.

జిల్లా ఎడిషన్లు వచ్చాక ఇంకో చిక్కు. ఒంగోలు సంగతులు ప్రకాశం పేజీల్లో ఆగిపోతాయి, కావలి సంగతులు నెల్లూరు పేజీల్లో ఆగిపోతాయి. గాయపడ్డవాళ్లను ఆస్పత్రికి ఎవరు మోసుకెళ్లారు, మర్నాడు చర్చి ముందు గాజుపెంకులు ఎవరు ఊడ్చారు, ఆ వీధిలో అంగళ్లు ఎప్పుడు తెరిచారు, ఇవేవీ జిల్లా దాటవు. దాటి జువ్వలదిన్నె టీకొట్టుకు చేరేది మొదటి పేజీ శీర్షిక. పడవ ఒడ్డుకు చేర్చి పేపరు పట్టుకున్న మనిషికి అందులో మిగిలేది మతం పేరు.

2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగినప్పుడూ అంతే. మసీదులో చనిపోయింది ముస్లింలు. అనుమానితులుగా పోలీసులు పట్టుకుపోయిందీ ముస్లిం యువకులనే. తర్వాత వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. పట్టుకుపోయినప్పుడు అచ్చేసినంత పెద్ద అక్షరాల్లో విడుదల వార్త ఎవరికైనా గుర్తుందా?

దేశం దాటినా ఇదే కథ. నైజీరియాలోని జోస్ పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ 2001లో, 2008లో, 2010లో వందలమంది చచ్చారు. ప్రపంచ పత్రికలు ‘ముస్లిం–క్రైస్తవ ఘర్షణ’ అని రాసి చేతులు దులుపుకున్నాయి. 2008లో గొడవ రేగింది స్థానిక ఎన్నికల మీద. అక్కడ ‘స్థానికుడు’ అన్న సర్టిఫికెట్ ఉంటేనే సర్కారు ఉద్యోగం, కాలేజీ సీటు. తరాలుగా అక్కడే ఉన్న హౌసా ముస్లింలకు అది దక్కదు. ఈ గడ్డ మాది అంటారు బెరోం క్రైస్తవులు. ముల్కీ గొడవలు చూసిన తెలుగువాళ్లకు ఇది విడమరచి చెప్పాలా? 2010 జనవరిలో కురు కరామాలో ముస్లింలను చంపారు, మార్చిలో డోగో నహావాలో క్రైస్తవులను చంపారు. ఒకటి చెప్పి రెండోది మింగేసినవాడి వార్తలో ప్రతి వాక్యమూ నిజమే కావచ్చు, వార్త మాత్రం అబద్ధం.

రాస్తారోకోలో లాఠీలు తిని, మర్నాడు ‘ప్రయాణికులకు ఇక్కట్లు’ అన్న వార్త చదువుకున్నవాళ్లం మనం. పెద్ద పత్రికల చూపు ఎటుంటుందో మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు.

చర్చి పేలుళ్ల కేసులో బెంగళూరు ప్రత్యేక కోర్టు 2008 నవంబర్ చివర్లో 23 మందికి శిక్ష వేసింది. 11 మందికి ఉరి, 12 మందికి యావజ్జీవం. అదే వారం ముంబై మీద దాడి జరిగింది. ఎనిమిదేళ్లు నడిచిన కేసు తీర్పు ఆ హోరులో కలిసిపోయింది. విద్యార్థి మిత్రులూ, ఉద్యోగ సోదరులూ మీ పత్రిక సంపాదకుడికి ఒక కార్డు ముక్క రాయండి. నేరం చేసిన సంస్థ పేరు రాయమనండి, మతం పేరు కాదు. ఆరోపణను ఏ పేజీలో, ఎన్ని కాలమ్‌లలో వేశారో, తీర్పునూ అదే పేజీలో, అన్ని కాలమ్‌లలో వేయమని అడగండి.