వెంట్రుకవాసిలో... క్లోజ్ షేవ్!

కోఠిలో రోడ్డు దాటుతుంటే సిటీ బస్సు చొక్కా అంచును రాసుకుంటూ వెళ్లిపోయిందనుకోండి. 'హమ్మయ్య' అనుకున్నాక ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి? 'ఇట్ వజ్ ఎ క్లోజ్ షేవ్' అంటే సరి. గడ్డం గీసే కత్తి చర్మాన్ని తాకీ తాకనట్టు వెళ్లినంత దగ్గరగా వచ్చి ప్రమాదం తప్పిపోయిందని అర్థం. మనం 'వెంట్రుకవాసిలో', 'తృటిలో' అంటాం. మొదటిది దూరానికి కొలత, రెండోది కాలానికి.

కోఠికి కూతవేటు దూరంలో, అఫ్జల్‌గంజ్ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఓ పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగినప్పుడు దాని కొమ్మలెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ప్రాణం వరకు చూస్తే అది క్లోజ్ షేవే. అదే వరదలో ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ కూడా బతికి బయటపడ్డారు. కానీ తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు. ఆయన దగ్గర ఈ మాట అనగలమా?

అందుకే ఒకటి గుర్తుంచుకోండి. ఇది ఏ నష్టమూ లేకుండా గట్టెక్కినవారు తేలిగ్గా చెప్పుకునే మాట. అయినవారిని పోగొట్టుకున్నవారిని పలకరించేటప్పుడు వాడేది కాదు.