నాలుగు పొలుసులు చాలు



హంద్రీ-నీవా కాలువ మీదుగా శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు 2025 ఆగస్టులో కుప్పం చేరాయి. పుంగనూరు, మదనపల్లె వైపు చెరువులూ ఆ కాలువ మీదే ఆశ పెట్టుకున్నాయి. ఎన్ని టీఎంసీలు, ఎన్ని ఎకరాలు అన్న లెక్క అందరి నోటా ఉంది. చేపల లెక్క మాత్రం ఎవరికీ పట్టలేదు. మత్స్యకార సంఘాలవాళ్లు చెరువులో వదిలిన బొచ్చె, శీలావతి పిల్లలు ఎన్ని బతికి పెద్దవయ్యాయి? కాలువ వెంట కొత్తగా వచ్చినవెన్ని? చేపను చంపకుండానే ఇది తేల్చే దారి ఉంది.

చేప బతికిన నీటిలోని ఖనిజాలు దాని గట్టి భాగాల్లో వయసుతోపాటు పొరలుగా చేరతాయి. సముద్రపు నీటిలో స్ట్రాన్షియం ఎక్కువ, నదుల్లో బేరియం ఎక్కువ. మన పులస జాతే అయిన హిల్సా వలసను బంగ్లాదేశ్‌లో చేప తలలో ఉండే చెవిరాళ్లు పరీక్షించే పసిగట్టారు. చెవిరాయి కావాలంటే తల కోయాల్సిందే. పొలుసుకు ఆ అవసరం లేదు. వల లాగినప్పుడు తడిచేత్తో చేపను పట్టుకుని, వెన్నురెక్క కింద చాకు మొనతో నాలుగు పొలుసులు లేపి, కాగితపు కవరులో వేసి, చెరువు పేరు, తేదీ రాసి, చేపను మళ్లీ నీళ్లలో వదిలేయవచ్చు. జెల్లల్లాంటి పొలుసు లేనివాటికి రెక్క ముల్లు చిన్న ముక్క చాలు.

మన నేల ఇందుకు అనుకూలం. ఇక్కడి గ్రానైటు రాళ్లు సుమారు 250 కోట్ల ఏళ్లనాటివి. వాటిలోని రుబీడియం క్షీణించి స్ట్రాన్షియం-87గా మారి పేరుకుంది. కృష్ణ ఎగువన పారే దక్కను నల్లరాయి వయసు 6.5 కోట్ల ఏళ్లే, అందులో స్ట్రాన్షియం-87 తక్కువ. రాళ్ల గుర్తే వాటి మీద పారే నీళ్లకూ వస్తుంది కాబట్టి, కృష్ణలో తుంగభద్ర నీళ్లు కలిసినా, మన చెరువు నీళ్ల గుర్తు, కాలువ నీళ్ల గుర్తు వేరుగా ఉంటాయని ఆశించవచ్చు. డీఎన్‌ఏ పరీక్ష ఉందిగా అంటారేమో. అది చేప వంశం చెబుతుంది కానీ ఏ నీళ్లలో పెరిగిందో చెప్పదు.

లోపాలూ లేకపోలేదు. ఊడి మళ్లీ మొలిచిన పొలుసులో చిన్ననాటి పొరలుండవు. తిండి దొరకని కాలంలో చేప పొలుసులోని సున్నాన్ని వాడేసుకోవచ్చు. అందుకే ఒక్కో చేప నుంచి ఒక్కటి కాక నాలుగు తీయాలి. సరిచూసుకోవడానికి చెవిరాళ్లు కావాలంటే అంగట్లో ఎలాగూ కోసిన తలలున్నాయి, కొత్తగా చంపనక్కర్లేదు.

తొందర ఒక్కటే. నీళ్లు పూర్తిగా కలిసిపోయాక పాత గుర్తు దొరకదు. కాలువ నీళ్లు ఇంకా చేరని చెరువుల నుంచి మత్స్యశాఖ ఈ ఏడే నీటి నమూనాలు, పొలుసులు సేకరించి దాచాలి. సేకరణ పని ముత్తుకూరు మత్స్య కళాశాల విద్యార్థులకు, ఐసోటోపుల పరీక్ష హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)కి అప్పగించవచ్చు. ఏటా చేపపిల్లలకు పెట్టే ఖర్చులో కొంత దీనికి కేటాయిస్తే, ఏ చెరువులో ఏ పిల్లలు వదలాలో వచ్చే ఏడు అంచనా మీద కాక ఆధారం మీద తేల్చుకోవచ్చు.

- ఒక పాఠకుడు, వాల్మీకిపురం