కమిషను కూడా జీతమే



అమ్మకాల కంపెనీలలో తిరిగి పనిచేసే మా ప్రాంతపు యువకుల కష్టార్జితం ఎట్లా ఎగిరిపోతున్నదో, అందుకు కొత్త చట్టంలో సైతం ఎట్టి సందు మిగిలి ఉన్నదో మీ పత్రికాముఖంగా పెద్దల దృష్టికి తేదలచి ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను.

మాది అరసికెరె. రైలు జంక్షను ఉన్న హాసను జిల్లా అరసికెరె కాదు. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోనిది. దాదాపు చుట్టూ ఆంధ్ర దేశం, పాలన కర్ణాటకం, ఇళ్లలో మాట తెలుగు. వానను నమ్ముకొని శెనక్కాయ వేసే నేల. తిరుమణి వద్ద 2,000 మెగావాట్ల సౌర విద్యుత్కేంద్రం వెలసిన మాట నిజమే గాని, ఎండకు పరచిన ఆ పలకలకు గుమాస్తాలతో పని తక్కువ. అందుచేత డిగ్రీ చదివిన పిల్లలు బెంగుళూరో, తుమకూరో, హిందూపురమో పోయి, దొరికిన అమ్మకాల ఉద్యోగంలో చేరుతున్నారు.

మా అన్నగారి కుమారుడు 2024లో అట్లాగే ఒక కంపెనీలో చేరాడు. దాని పేరు ఇక్కడ అనవసరం. మా తాలూకా నీళ్లలో ఫ్లోరైడు జాస్తి. నీటిని శుద్ధిచేసే యంత్రాలను వాయిదాల మీద అమ్మడం ఆ కంపెనీ వ్యాపారం. నెలకు 9,000 రూపాయల జీతం, అమ్మిన యంత్రానికి 600 కమిషను అన్నారు. ఈ రెండవ మాట కాగితం మీద లేదు. మేనేజరు నోటిమాటగా చెప్పాడు, ఫోనులో ఒక సందేశం పెట్టాడు. మడకశిర, రొళ్ల, హిందూపురం పల్లెల్లో సొంత మోటారు సైకిలు మీద, సొంత పెట్రోలు పోసుకొని తిరగాలి. ఉదయం ఎనిమిదింటికి ఫోనులోనే సమావేశం. ముందురోజు అమ్మకం లేనివాడికి పదిమంది వింటూండగా చీవాట్లు. నెల మొదట ఇరవై యంత్రాలని చెప్పిన లక్ష్యం పదిహేనో తేదీ దాటేసరికి ముప్ఫై అయ్యేది. ఏడు నెలలలో ముగ్గురు మేనేజర్లు మారారు. మొదటివాడు ఒప్పుకున్న దానిని రెండవవాడు ఎరుగనన్నాడు. మూడవవాడు, మీరు అమ్మిన వాటిలో వాయిదాలు కట్టనివారి లెక్క తేలేవరకు కమిషను ఆగుతుందన్నాడు. కొన్నవాడు వాయిదా ఎగవేస్తే అమ్మినవాడి కమిషను ఆపడం ఏ ధర్మమో!

పిల్లవాడు చివరి అయిదు నెలల్లో 52 యంత్రాలు అమ్మాడు. వాటి కమిషను 31,200, ఆఖరి రెండు నెలల జీతం 18,000, వెరసి 49,200 రూపాయలు రావలసి ఉండగా రాజీనామా ఇచ్చాడు. నోటీసు గడువు పూర్తి కాలేదని జీతం ఆపారు. విడుదల పత్రం ఇవ్వనందున రెండవ ఉద్యోగానికీ అడ్డం వచ్చింది. "చిన్నాయనా, నేను అమ్మినట్లు రుజువు వాళ్ల కంప్యూటరులో ఉన్నది, నా దగ్గర లేదు" అన్నాడు. రాజీనామా ఇచ్చిన సాయంత్రమే ఆ కంప్యూటరు లెక్కలు చూసే సంకేతపదాన్ని రద్దు చేశారు. వెనుకటి మండీ షావుకార్లు ధర్మరాజులని నేను అనను. గుమాస్తాను పీడించినవారు వారిలోనూ ఉన్నారు. కాని ఖాతా పుస్తకం గుమాస్తా కళ్లెదుట ఉండేది.

ఇది చిన్న కంపెనీల చిల్లర బుద్ధి అని కొట్టివేయడానికి వీలులేదు. దేశమంతా పేరు మోగిన బెంగుళూరు విద్యా వ్యాపార సంస్థ బైజూస్‌లో 2024 ఆరంభం నుండి జీతాలు ఆలస్యమైనవి. ఆ ఏప్రిల్ నెలాఖరు నుండి కొన్ని వారాల పాటు అమ్మకాల సిబ్బంది జీతాన్ని వారు వసూలు చేసి తెచ్చే సొమ్ముతో ముడిపెట్టినట్లు పత్రికలలో వచ్చినది. క్రికెట్ బోర్డు వారి 158.9 కోట్ల బాకీ పైన 2024 జులై 16న కంపెనీ లా ట్రిబ్యునల్ ఆ సంస్థను దివాలా విచారణకు స్వీకరించింది. క్రికెట్ బోర్డుకు ప్లీడర్లు ఉన్నారు. ఇల్లిల్లూ తిరిగి పాఠాలు అమ్మిన కుర్రవాడికి ఎవరున్నారు? కంపెనీ ఆస్తులు అమ్మి పంచే ఘట్టమే వస్తే, దివాలా చట్టం ప్రకారం కార్మికులకు 24 నెలల బాకీ పై వరుసలోనూ, కార్మికులు కాని ఉద్యోగులకు 12 నెలల బాకీ ఆ కింది వరుసలోనూ ఉన్నది. అమ్మకాల మనిషి కార్మికుడా కాదా అన్న వివాదం పాతది. మందుల కంపెనీల ప్రతినిధులు పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కార్మికులు కారని 1994లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది.

ఇక కొత్త చట్టం సంగతి. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినది. అందులో మంచి లేదని అనడం అన్యాయం. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం చివరి దశలో నెలకు 24,000 లోపు జీతగాళ్లకే వర్తించేది. ఇప్పుడా హద్దు లేదు. ఉద్యోగం మానినా, తీసివేసినా రెండు పనిదినాలలో వేతనం ఇవ్వాలి. జీతపు చీటీ ఇవ్వాలి. ఇచ్చామని రుజువు చేసుకునే భారం యజమానిదే. మూడేళ్లలోగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అధికారి బాకీకి పదిరెట్ల వరకు పరిహారం విధించవచ్చు. అమ్మకాల ప్రోత్సాహక ఉద్యోగులను కార్మికులుగా పేరుపెట్టి చెప్పారు కూడా.

ఇంతా చేసి, వేతనం అంటే ఏమిటో చెప్పేచోట, ఉద్యోగికి రావలసిన కమిషను వేతనం కాదన్నారు! పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో, 1984 నుండి అమలైన సవరణ ద్వారా, అమ్మకాల కమిషను వేతనంలో భాగమని స్పష్టంగా చేర్చారు. ముందుకు నడిచామంటూనే ఇక్కడ వెనక్కు నడిచాము. మినహాయించిన చెల్లింపులు మొత్తంలో సగానికి మించితే ఆ మించిన భాగాన్ని వేతనంలో కలపాలనే నియమం ఉన్నదని ఎవరైనా అనవచ్చును. 8,000 జీతం, 12,000 కమిషను వచ్చేవాడికి ఆ లెక్కన కలిసేది 2,000 మాత్రమే. తక్కిన పదివేలు బయటే. అదిగాక, ఆ నియమం యజమాని చేసిన చెల్లింపులను గురించి మాట్లాడుతున్నది. అసలు చెల్లించనే చెల్లించని కమిషనును ఏ పద్దులో వేస్తారు? వేతనాల చెల్లింపు సందర్భంలో ప్రయాణపు భత్యం, ఇంటి అద్దె భత్యం, ఓవర్‌టైము లెక్కలోకి తీసుకోవాలని అదే చట్టం వేరే చెప్పింది. ఆ వరుసలో కమిషను అనే ఒక్క మాట చేర్చి ఉంటే ఈ లేఖతో పనిలేకపోయేది. ఆ మాట లేనందున, జీతం బాకీకి కార్మిక అధికారి, కమిషను బాకీకి సివిలు కోర్టు అనే వాదన కంపెనీ ప్లీడర్లకు చేతికి అందుతున్నది. 31,200 రూపాయల కోసం బెంగుళూరు కోర్టుకు ఎన్ని వాయిదాలు తిరగగలడు ఒక పల్లెటూరి పిల్లవాడు?

కనుక కేంద్ర ప్రభుత్వం వారు ఆ నిర్వచనాన్ని సవరించి, కనీసం చెల్లింపు వరకైనా కమిషనును వేతనంగా పరిగణించవలెను. అది జరిగేలోగా రాష్ట్ర ప్రభుత్వం వారు అమ్మకాల కంపెనీల నియామక పత్రాలలో కమిషను రేటు, అది చెల్లించే తేదీ, ఏ కారణాన ఆపవచ్చునో వ్రాసి తీరాలని, ప్రతి నెలా జీతపు చీటీలో అమ్మకాల సంఖ్య చూపాలని కట్టడి చేస్తే బాగుండును. మా పిల్లలకు నేను చెప్పేది కూడా ఒకటున్నది: ప్రతి అమ్మకపు రసీదుకు ఒక నకలు ఏ రోజుకు ఆ రోజు ఇంట్లో దాచుకోండి.

సరిహద్దు చిక్కు మరొకటి. ఇల్లు కర్ణాటకలో, తిరిగేది శ్రీ సత్యసాయి జిల్లాలో, కంపెనీ పెద్ద ఆఫీసు బెంగుళూరులో. ఏ అధికారి వద్దకు పోయినా రెండవ అధికారి పేరు చెప్పే ప్రమాదం ఉన్నది. పావగడలో వారానికి ఒక్కరోజైనా కార్మిక శాఖ వారు కూర్చుండి, కంపెనీ ఎక్కడిదైనా సరే దరఖాస్తు తీసుకొని, తగిన చోటికి వారే పంపే ఏర్పాటు చేయవలెనని కోరుతున్నాను. అక్కడ కూర్చునే గుమాస్తాకు తెలుగు చదవడం వస్తే మరీ మంచిది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అరసికెరె, పావగడ తాలూకా