రాయి మనది, బోల్టు వాళ్లది

రాళ్లెక్కడానికి రాష్ట్రం దాటి పోవాలా అని వనపర్తిలో ఎవరైనా అడిగితే తప్పు పట్టలేం. ఖిల్లా ఘనపురం గుట్టలు చూస్తూ పెరిగినవాళ్లకు, పానగల్ కోట కింద పొలాలున్నవాళ్లకు రాయి కొత్త కాదు. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు పెరట్లోనే ఉంది. అయినా మూడు రోజుల సెలవు కలిసొస్తే చాలు, పిల్లలు తాళ్లు సర్దుకుని కర్ణాటకలోని బాదామికి బయల్దేరుతున్నారంటే పెద్దలకు విడ్డూరంగానే ఉంటుంది.

వాళ్లు పోయేది రాయి కోసం కాదు, బోల్టు కోసం.

స్పోర్ట్ క్లైంబింగ్‌లో రాతికి ముందే డ్రిల్లు వేసి స్టీలు బోల్టులు బిగించి ఉంచుతారు. ఎక్కేవాడు ఒక్కో బోల్టుకు క్విక్‌డ్రా అనే కొక్కేల పట్టీ తగిలించి, హార్నెస్‌కు కట్టుకున్న రోప్‌ను అందులో వేసుకుంటూ పోతాడు. కింద జతగాడు రోప్ పట్టుకుంటాడు. అది బిలే. చెయ్యి జారితే ఆఖరి బోల్టు మీద ఎంత పైకి పోయాడో దానికి రెట్టింపు, పైగా రోప్ సాగినంత పడి ఆగుతాడు. ఈ ఆట టోక్యో ఒలింపిక్స్‌లో తొలిసారి అడుగుపెట్టింది. బాదామి ఎర్ర ఇసుకరాతి గోడల మీద ఇలా బోల్టులు వేసిన దారులు వందకు పైనే ఉన్నాయి. మన వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల మూడు జిల్లాల్లో పిల్లలు ధైర్యంగా పోయి ఎక్కదగ్గ గోడ ఒక్కటి చూపించమంటే నేను చూపించలేను.

ఆట కొత్తదే గానీ, తాడు పట్టే నియమం నల్లమలకు పాతది. తేనె కోసం చెంచులు కొండ చరియ మీంచి తాడుకు వేలాడతారు. పైన తాడు దగ్గర ఎవరుండాలి? సొంత అన్నదమ్ముడు కాదు, భార్య తోడబుట్టినవాడు ఉండాలని వాళ్లలో ఒక మాట ఉంది. తోబుట్టువు పసుపు కుంకుమలు చల్లగా ఉండాలని కోరుకునే బావమరిది తాడు వదలడు. బిలే చేసే మనిషిని ఎంచుకోవడం గురించి ఇంతకు మించిన సలహా ఏ శిక్షకుడూ ఇవ్వలేడు. కాబట్టి కారు మాట తర్వాత, ముందు తాడు పట్టేదెవరో తేల్చుకోండి. ఫోన్ చూస్తూ బిలే చేసేవాడిని వెంట తీసుకుపోవద్దు.

ఇక దారి. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చేవాళ్లు వనపర్తి, పెబ్బేరు, ఎర్రవల్లి మీదుగా గద్వాల చేరాలి. అక్కడి నుంచి కేటీ దొడ్డి, నందిన్నె దాటితే కర్ణాటకే. గద్వాల నుంచి రాయచూరు సుమారు 60 కిలోమీటర్లు. రాయచూరులో దారి చీలుతుంది. లింగసుగూరు, ఇల్కల్ మీదుగా 200 కిలోమీటర్ల పైచిలుకు పోతే బాదామి. (ఇల్కల్‌లో ఆగి ఒక చీర కొంటే, చెప్పకుండా వెళ్లినందుకు ఇంట్లో గొడవ కొంత తగ్గొచ్చు. గద్వాల వాళ్లింట్లో ఇది పనిచేస్తుందని హామీ ఇవ్వలేను.) మాన్వి, సింధనూరు, గంగావతి మీదుగా పోతే హంపి. ఆ దారంతా తుంగభద్ర ఎడమ కాలువ ఆయకట్టు. కోస్తా నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగు రైతుల క్యాంపులు వరసగా తగులుతాయి, భాషకు ఇబ్బందే లేదు.

కానీ హంపి వేరే ఆట. అక్కడ తాళ్లకంటే, పడితే దెబ్బ తగలకుండా కింద పరిచే క్రాష్‌ప్యాడ్లతో పని. అమెరికా క్లైంబర్ క్రిస్ శర్మ ఆ బండల మీద తిరిగి చేసిన ‘పిల్‌గ్రిమేజ్’ సినిమా 2003లో వచ్చాక హంపి పేరు ప్రపంచమంతా పాకింది. రెండూ ఒకే సెలవులో చుట్టేద్దామనే ఉబలాటం చాలామందికి ఉంటుంది. మూడు రోజుల్లో రెండూ అంటే కారెక్కడమే అవుతుంది, రాయెక్కడం కాదు. ఏదో ఒకటి పెట్టుకోండి. బోల్టుల కోసమైతే బాదామి.

వెళ్లేది నవంబరు, ఫిబ్రవరి మధ్యనే. వాన పడితే ఇసుకరాయి నీరు పీల్చి బలహీనపడుతుంది, పట్టు చేతికి ఊడి వస్తుంది. రాయి లోపలిదాకా ఆరే వరకు ముట్టుకోవద్దు, సెలవు వృథా అయినా సరే. గోడల మీద తేనెతుట్టెలుంటాయి, ఎక్కే ముందు తలెత్తి చూడాలి. రోప్ కనీసం 60 మీటర్లు, దాని చివర ముడి తప్పనిసరి. ముడి లేని రోప్ చివర బిలే పరికరంలోంచి జారిపోవడం ప్రపంచమంతటా జరిగే ప్రమాదమే. హెల్మెట్ గురించి వాదన అక్కర్లేదు. గుహాలయాలు, కోటగోడలు ఎక్కేవి కావు. తిండికి బెంగ లేదు: ఖానావళిలో జొన్నరొట్టె, గుత్తొంకాయ, పల్లీల పొడి. పాలమూరోడికి అది ఇంటి భోజనమే.

ఆశ్చర్యం ఏమీ లేదు. మన అలంపురం నవబ్రహ్మ ఆలయాలు కట్టించింది ఆ బాదామి చాళుక్యులే. ఆ అలంపురంలోనే పుట్టిన ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్నప్పుడు, 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. వాళ్లకు తొలి పాఠాలు చెప్పింది హిమాలయం కాదు, భువనగిరి ఏకశిల. అంటే గ్రానైటు గుట్టతో ఏం చేయొచ్చో ఈ రాష్ట్రానికి తెలియక కాదు. తెలిసీ మన వైపు గుట్టలను క్రషర్లకు వదిలేస్తున్నాం. కంకర అయిపోయిన గుట్ట మళ్లీ మొలవదు.

ఘనపురం, పానగల్ కోటల మీద డ్రిల్లు వేయమని నేను అనను, వేస్తామంటే అడ్డుపడతాను కూడా. నల్లమల చరియలు అమ్రాబాద్ పులులవి, చెంచులవి. అవన్నీ పక్కన పెట్టినా పేరైనా లేని గుట్టలు ఎన్నో మిగులుతాయి. మూడు జిల్లాల కలెక్టర్లను, క్రీడల శాఖను అడిగేది వాటిలో ఒక్కటి. క్వారీ లీజుల జోలికి పోకుండా దాన్ని పక్కన పెట్టండి, పని తెలిసినవాళ్లతో బోల్టులు వేయించండి, ఏటా తనిఖీ చేయించండి, గురుకులాల పిల్లలను అక్కడికి పంపండి. ఆ పని అయ్యేదాకా నందిన్నె దారే గతి. సంక్రాంతికి పోవాలనుకునేవాళ్లు మాత్రం బాదామిలో గది ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, బెంగళూరు వాళ్లు కూడా అదే సెలవు కోసం చూస్తుంటారు.