సైకిలుకు చోటేది?

1817లో జర్మనీ దేశీయుడైన కార్ల్ డ్రైస్ నిర్మించిన రెండు చక్రాల బండికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుకొంటూ సాగవలసి వచ్చేది. 1885లో ఇంగ్లండుకు చెందిన జాన్ కెంప్ స్టార్లీ వెనుక చక్రానికి గొలుసు అమర్చి, దానిని నేటి సైకిలుకు మాతృకగా తీర్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరును సమకూర్చాడు. క్రమంగా సంపన్నుల వినోదం సామాన్యుని సాధనమైంది.

చిక్కడపల్లి, నారాయణగూడ వీథులలో గంటల లెక్కన సైకిళ్లను అద్దెకిచ్చిన దుకాణాలను నా వయసువారు మరువలేరు. పాలు, పత్రికలు, పుస్తకాలు పట్టుకొన్న విద్యార్థులు, అందరినీ సైకిలే మోసింది. నేడు అదే సైకిలు ఎక్కడానికి యువకులు నామోషీ పడుతున్నారు. ఎక్కినవారికేమో వాహనాల నడుమ దారి దొరకడం లేదు.

2023లో నగరం వెలుపల, బాహ్యవలయ రహదారి వెంట, సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు మార్గం వెలసింది. అభినందనీయమే. కాని అది ప్రధానంగా వ్యాయామానికి పనికివచ్చేది. తెల్లవారుజామున పత్రికలు వేసే బాలునికి, అశోక్‌నగర్ గది నుండి చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్లే అభ్యర్థికి కప్పు అక్కరలేదు. రోడ్డు అంచున బారెడు చోటు చాలు.

వీథులు ఇరుకైనవని కొందరంటారు. ఆ ఇరుకులోనే కార్లు రోజంతా నిలిచి ఉంటున్నాయి గదా! కొరత స్థలానికి కాదు, సమదృష్టికి. విద్యార్థులారా! మీ కళాశాల దగ్గరే ఉంటే సైకిలెక్కండి. దానికి దారి కావాలని అడగండి. అడగనిదే అమ్మయినా పెట్టదు.